రాజుగారి సంతకం, కోడిపుంజు సాక్ష్యం

ఈ మధ్య నా ఫోనుకి ఒక సందేశం వచ్చింది. ప్రపంచంలో మొట్టమొదటి రాకెట్ తపాలా మన దేశంలోనే, కలకత్తాలోనే మొదలైందట. ఆ సంగతి తెల్లవాళ్లు తొక్కిపెట్టారట. ప్రతి భారతీయుడూ గర్వించి, పదిమందికి పంపాలట. పంపినాయన నాకు బాగా తెలిసినవాడు, ఇంజనీరింగు చదివినవాడు, మర్యాదస్తుడు. నేను ఉండేది కోల్‌కతాలోనే కాబట్టి "నిజమేనా గురువుగారూ?" అని కింద ఒక ముక్క కూడా రాశాడు.

నిజం కాదు. కానీ అబద్ధం అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే ఒక మంచి కథ మన చేయి జారిపోతుంది. అసలు కథ ఆ సందేశం కన్నా చాలా బాగుంటుంది. అందులో ఒక రాజు, ఒక పళ్ల డాక్టరు, ఒక కోడిపుంజు, ఒక పెట్ట ఉన్నాయి. హేతువాదులు ఎప్పుడూ వేసే ప్రశ్న కూడా ఉంది: ఒక పని జరిగిందని ఎవరు చెబితే నమ్మాలి? ఎందుకు నమ్మాలి?

ముందు లెక్క సరిచేసుకుందాం

రాకెట్‌తో ఉత్తరాలు పంపడంలో చరిత్రకెక్కిన మొదటి మనిషి ఆస్ట్రియా దేశస్థుడు ఫ్రీడ్రిష్ ష్మీడల్. 1931 ఫిబ్రవరి 2న షోకెల్ అనే కొండ మీది నుంచి కింద ఉన్న సాంక్ట్ రాడెగుండ్ అనే ఊరికి 102 ఉత్తరాలతో రాకెట్ వదిలాడు. అది పారాచూట్‌తో దిగింది. ఉత్తరాలు చేరాయి. కలకత్తాలో ఈ ప్రయోగాలు మొదలైంది 1934లో. మూడేళ్లు తేడా. ఇందులో తొక్కిపెట్టడానికి ఏమీ లేదు.

మధ్యలో జర్మనీవాడు గెర్హార్డ్ జుకర్ ఉన్నాడు. 1934 జులై 28న స్కాట్లాండ్ పడమటి తీరంలో స్కార్ప్ అనే చిన్న దీవి నుంచి హారిస్ దీవికి ఉత్తరాలు పంపబోయాడు. రాకెట్ అక్కడికక్కడే పేలిపోయింది. సగం కాలిన కవర్లు ఇసుకలో చెల్లాచెదురయ్యాయి. మూడు రోజుల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే అయింది. బ్రిటిష్ తపాలాశాఖకి అప్పటిదాకా ఉన్న కాస్త కుతూహలమూ పోయింది.

సరిగ్గా రెండు నెలల తర్వాత మన స్మిత్ రంగంలోకి దిగాడు.

పళ్ల డాక్టరుగారి తారాజువ్వలు

ఆయన పూర్తి పేరు స్టీఫెన్ హెక్టర్ టేలర్ స్మిత్. ఆంగ్లో ఇండియన్. 1891 ఫిబ్రవరి 14న షిల్లాంగ్‌లో పుట్టాడు. అసన్‌సోల్‌లో సెయింట్ పాట్రిక్స్ బడిలో చదివాడు. కలకత్తాలో కొన్నాళ్లు కస్టమ్స్‌లో, కొన్నాళ్లు పోలీసు శాఖలో పనిచేసి, చివరికి పళ్ల డాక్టరుగా స్థిరపడ్డాడు. అసలు పిచ్చి మాత్రం విమాన తపాలా మీద.

ఆ పిచ్చికి కారణం ఉంది. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదులో ఒక ప్రదర్శన జరుగుతుండగా హెన్రీ పెకే అనే ఫ్రెంచి పైలట్ ఆరువేలకు పైగా ఉత్తరాలతో యమున దాటి నైనీలో దిగాడు. ప్రపంచంలో మొదటి అధికారిక విమాన తపాలా అదే. ఇది మనం నిజంగానే చెప్పుకోవచ్చు. గమనించాల్సిన ముక్క 'అధికారిక' అన్నది. ఆ ఏర్పాటు చేసిన వాల్టర్ విండమ్ ముందుగా తపాలాశాఖ అనుమతి తీసుకున్నాడు. ఉత్తరాల మీద ప్రత్యేకమైన ముద్ర పడింది. ఆ ముద్ర లేకపోతే అదొక సర్కస్ ఫీటు. ముద్ర పడింది కాబట్టి తపాలా అయింది. అప్పటికి స్మిత్‌కి ఇరవై ఏళ్లు. ఆ తర్వాత ఆయన ఇండియన్ ఎయిర్‌మెయిల్ సొసైటీకి కార్యదర్శి అయ్యాడు.

స్మిత్ వాడిన రాకెట్ల గురించి గొప్పగా ఊహించుకోకండి. మన దీపావళి తారాజువ్వకి పెద్దన్న లాంటివి. సురేకారం, బొగ్గు, గంధకం కలిపిన నల్లమందు, దాన్ని కూరిన గొట్టం. సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10 అన్న లెక్క బాణసంచా చేసేవాళ్లందరికీ తెలిసిందే. ఈస్టిండియా కంపెనీ కాలంలో బీహారు సురేకారం కలకత్తా రేవు మీదుగానే ఓడలెక్కేది.

1934 సెప్టెంబరు 30న గంగ సముద్రంలో కలిసే చోట, సాగర్ దీవి దగ్గర, ఓడ మీది నుంచి ఒడ్డుకి మొదటి రాకెట్ వదిలాడు. అది గాలిలో పేలిపోయింది. ఉత్తరాలు నీళ్ల పాలయ్యాయి. చాలామటుకు ఏరుకొచ్చారు.

ఎందుకు పేలుతాయి ఇవి? నల్లమందు గట్టిగా కూరిన ముద్దలో ఎక్కడైనా చిన్న పగులు ఉంటే చాలు. మంట పైపైన కాకుండా ఆ పగుల్లోకి కూడా దూరుతుంది. మండే ఉపరితలం ఒక్కసారి పెరిగిపోతుంది. దానితో పాటే లోపలి వాయువుల ఒత్తిడీ పెరుగుతుంది. వెనక రంధ్రం అంత వాయువునీ వదల్లేకపోతే గొట్టం పగులుతుంది. టిప్పు సుల్తాను సైన్యం అట్ట, వెదురు కాకుండా ఇనప గొట్టాలు వాడింది ఆ ఒత్తిడిని తట్టుకోవడానికే. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఆ గొట్టాలు ఇంగ్లండు చేరడం, వాటిని చూసి కాంగ్రీవ్ తన రాకెట్లు తయారుచేయడం మనకి తెలిసిన చరిత్రే. ఇందులో దిష్టి తగలడం, ముహూర్తం తప్పడం లాంటివేమీ లేవు. పగులు, ఒత్తిడి, గొట్టం మందం. అంతే.

సిక్కిం రాజు సంతకం

ప్రయోగం ఒకటి చేసుకోవడం వేరు, దాన్ని ప్రభుత్వం చేత ఔననిపించుకోవడం వేరు. బ్రిటిష్ ఇండియాలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ఉంది. తపాలా ప్రభుత్వ గుత్తాధిపత్యం. ఒక పళ్ల డాక్టరు మందుగుండు గొట్టంలో జనం ఉత్తరాలు పెట్టి వదులుతానంటే ఏ అధికారికైనా అనుమానం వస్తుంది. రావాలి కూడా.

స్మిత్‌కి అండ దొరికింది సిక్కింలో. అప్పటి చోగ్యాల్ తాషీ నామ్‌గ్యాల్ 1914 నుంచి 1963 దాకా పాలించాడు. ఆయనకి ఈ రాకెట్లంటే సరదా పుట్టింది. 1935 ఏప్రిల్‌లో దర్బారు అనుమతితో, రాజుగారి ప్రోత్సాహంతో గాంగ్‌టక్ పరిసరాల్లో వరసగా ప్రయోగాలు జరిగాయి. ఉత్తరాలే కాదు, నది మీదుగా ఒక చిన్న పార్సెల్‌ని కూడా రాకెట్ దాటించింది.

రాజు ఎందుకు ఒప్పుకున్నాడన్నది ఆలోచించదగ్గ విషయం. సిక్కిం మ్యాపు చూడండి. కొండచరియ విరిగితే దారి పోతుంది. వాన వస్తే వంతెన పోతుంది. అవతలి గట్టు కంటికి కనబడుతూనే ఉంటుంది గానీ చేరాలంటే రోజులు పడుతుంది. అక్కడ నది మీదుగా మందుల పొట్లం విసరగలిగితే అది ఆట కాదు, అవసరం. 1935 మే 31న క్వెట్టా భూకంపం వచ్చి వేలమంది చనిపోయినప్పుడు స్మిత్ బుర్ర ఇదే దారిన పోయింది. ఆ జూన్‌లో తిండి సరుకులు పెట్టిన రాకెట్‌ని పరీక్షించాడు. ఈరోజు వరదల్లో డ్రోన్లతో మందులు పంపుతున్నారు కదా, ఆలోచన అదే. పనిముట్టు మాత్రం అప్పటికి పనికొచ్చేది కాదు.

ఇక్కడ ఒక హేతువాదిగా నేను ఆగి అడగాల్సిన ప్రశ్న ఉంది. రాజుగారు మెచ్చుకుంటే రాకెట్ పనిచేసినట్లేనా?

కాదు. అనుమతి వేరు, సాక్ష్యం వేరు. 'నువ్వు చేసుకోవచ్చు' అన్నది అనుమతి. దానికి అధికారం కావాలి. 'నువ్వు చేశావు' అన్నది సాక్ష్యం. దానికి అధికారం అక్కర్లేదు, కళ్లు కావాలి. రెండింటినీ కలిపేస్తే మొదలయ్యేవే మన దేశంలో సగం మూఢనమ్మకాలు. స్వామీజీ దగ్గరికి ఫలానా మంత్రి వెళ్లాడు, ఫలానా జడ్జి కాళ్లకి మొక్కాడు, కాబట్టి విభూతి గాలిలోంచే వచ్చింది అంటారు. మంత్రిగారి పదవికీ, విభూతి ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకీ సంబంధం ఏమిటి? మన నైయాయికులు ప్రత్యక్షమూ శబ్దమూ అని ప్రమాణాలని విడగొట్టే పెట్టారు. చార్వాకులైతే ఆప్తవాక్యాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు. మనం మాత్రం కళ్లెదుట ఉన్నదాన్ని వదిలేసి లెటర్‌హెడ్ వైపు చూస్తాం.

స్టాంపుల బేరం

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఈ రాకెట్ తపాలాకి డబ్బు ఎక్కడినుంచి వచ్చేది? చాలావరకు స్టాంపులు సేకరించేవాళ్ల దగ్గరనుంచి. రాకెట్లో ఎగిరిన కవరు, దాని మీద ప్రత్యేకమైన లేబులు, తేదీ. ఇవి ఉంటే సేకర్తలు కొనేవాళ్లు. ష్మీడల్ అయినా, జుకర్ అయినా, స్మిత్ అయినా ఇదే దారి. కాబట్టి కవరు మీద పడే ముద్ర, సంతకం ఒకేసారి రెండు పనులు చేశాయి: సాక్ష్యమూ అవే, సరుకూ అవే. అమ్ముకునేవాడే సాక్ష్యం తయారుచేస్తున్నాడంటే మనం కాస్త జాగ్రత్తగా చూడాలి.

స్మిత్‌ని మోసగాడు అనడం లేదు. ఆయన మొదటి ప్రయోగమే విఫలమైంది. ఆ సంగతి దాగలేదు. 1934 నుంచి 1944 దాకా సుమారు 270 రాకెట్లు వదిలాడని, వాటిలో కనీసం 80 ఉత్తరాలతో వెళ్లాయని చెబుతారు. సొంత వృత్తి చేసుకుంటూ పదేళ్లపాటు అన్నిసార్లు కాల్చినవాడికి సొమ్ము కన్నా పిచ్చే ఎక్కువ ఉండి ఉంటుంది. అయినా నియమం నియమమే. మనకి ఇష్టమైనవాళ్లని కూడా అదే తక్కెడలో తూచాలి. లేకపోతే ఆ తక్కెడ ఎందుకు?

ఆడమ్, ఈవ్

అందుకే నాకు ఆయన ప్రయోగాలన్నిటిలో 1935 జూన్ 29 నాటిది ఎక్కువ నచ్చుతుంది. ఆ రోజు దామోదర్ నది మీదుగా ఒక రాకెట్లో ఒక కోడిపుంజునీ ఒక పెట్టనీ పంపాడు. వాటి పేర్లు ఆడమ్, ఈవ్. రెండూ బతికే దిగాయి. తర్వాత వాటిని కలకత్తాలో ఒక ప్రైవేటు జంతుశాలకి ఇచ్చారు.

మూగజీవాలని గొట్టంలో పెట్టి కాల్చడం సరైన పనేనా అంటే ఈనాటి కొలతతో కాదు. అది అలా ఉంచి, సాక్ష్యం సంగతి చూడండి. రాకెట్ బాగానే దిగింది అని ఎంత పెద్ద మనిషి రాసిచ్చినా మనం ఆయన్ని నమ్మాలి. కోడిపుంజు గట్టు మీద నడుస్తుంటే ఎవర్నీ నమ్మక్కర్లేదు. పైకి లేచేటప్పటి కుదుపు, దిగేటప్పటి దెబ్బ ఒక కోడి ప్రాణం తీసేంత పెద్దవి కావని అది తన ఒంటితో చెబుతోంది. అనుమానం ఉన్న ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు. కోడికి స్టాంపులు అమ్ముకునే పని లేదు. రాజుగారి మెప్పు కన్నా ఈ కోడిపుంజు సాక్ష్యం గట్టిది.

ఈనాటి పద్ధతి

తొంభై ఏళ్లలో ఈ సంగతి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తే ముచ్చటేస్తుంది. అమెరికాలో పెద్ద రాకెట్లు సరదాగా ఎగరేసేవాళ్లకి రెండు సంఘాలున్నాయి: నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ, ట్రిపోలీ రాకెట్రీ అసోసియేషన్. పెద్ద మోటారు చేతికి రావాలంటే సర్టిఫికెట్ కావాలి. మూడు మెట్లు. మోటార్లకి అక్షరాలు పెట్టారు. ఒక్కో అక్షరం దాటితే మోటారు ఇవ్వగల మొత్తం తోపుడుకి గరిష్ఠ పరిమితి రెట్టింపవుతుంది. మొదటి మెట్టుకి హెచ్ లేదా ఐ. రెండో మెట్టుకి జె, కె, ఎల్, దాంతో పాటు రాత పరీక్ష. మూడో మెట్టుకి ఎమ్ ఆపైన. దానికి ముందుగానే డిజైను కాగితాలు అనుభవజ్ఞులకి చూపించి ఒప్పించాలి.

నాకు నచ్చింది సంతకం నియమం. సంతకం పెట్టేవాడు అర్హత ఉన్న సభ్యుడై ఉండాలి. రాకెట్ ఎగరడాన్ని తనే చూడాలి. అది పారాచూట్‌తోనో మరోలాగో భద్రంగా దిగాలి. దిగిన రాకెట్‌ని తనిఖీ చేసి, మళ్లీ ఎగరగల స్థితిలోనే ఉందని తేల్చుకోవాలి. ఎంత ఎత్తుకి పోయిందన్న ప్రశ్నే లేదు. ఆకాశాన్ని తాకినా సరే, పారాచూట్ విచ్చుకోక నేలలో దిగబడితే తప్పినట్లే.

ఈ ఫారం పెట్టి స్మిత్ రాకెట్లని దిద్దితే? సాగర్ దీవి రాకెట్ తప్పింది. దామోదర్ రాకెట్లో కనీసం సరుకు పాసయింది. సిక్కిం రాజుగారు సంతకం పెట్టాలంటే ముందు గట్టు దిగి గొట్టాన్ని చేత్తో పట్టుకుని చూసి రావాలి.

మన దగ్గర అనుమతి గుమ్మాలు ఎక్కువ. మందు సంగతి నాగపూర్‌లోని పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో చూస్తుంది. గగనతలం విమానయాన అధికారులది. స్థలం, జనం సంగతి జిల్లా యంత్రాంగానిది. అంతరిక్షం వైపు వెళ్లే ప్రైవేటు ప్రయోగమైతే 2020 తర్వాత ఇన్‌స్పేస్ అనే సంస్థ ఒప్పుకోవాలి. హైదరాబాదు కుర్రాళ్ల కంపెనీ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ వదిలింది ఆ గుమ్మం దాటే. దేశంలో మొదటి ప్రైవేటు రాకెట్ అది. సుమారు 89 కిలోమీటర్ల ఎత్తుకి వెళ్లింది. ఈ నిబంధనలని తిట్టడం నా ఉద్దేశం కాదు. శివకాశిలో ఏటా పోతున్న ప్రాణాలు చూస్తే మందుగుండు దగ్గర నియమం ఎందుకో అర్థమవుతుంది.

నేను పెట్టని సంతకం

ఇదంతా నాకు ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. మా చెల్లెలి కొడుకు ఇక్కడే ఒక ఇంజనీరింగు కాలేజీలో చదువుతున్నాడు. వాడి స్నేహితులతో కలిసి చిన్న మోడల్ రాకెట్ ఒకటి చేశాడు. కోత అయిపోయిన పొలంలో, రైతుని అడిగి, శీతాకాలం పొద్దున ఎగరేశారు. చూడ్డానికి నన్నూ తీసుకెళ్లారు. వాళ్ల క్లబ్బు ఫారంలో బయటి సాక్షి సంతకం కావాలి.

రాకెట్ చక్కగా లేచింది. నా ఒళ్లు పులకరించింది, అబద్ధమెందుకు. తర్వాత ఎండ కళ్లలో పడింది. తాటిచెట్ల వెనక ఎక్కడో దిగింది. పిల్లలు పరుగెత్తి తెచ్చారు. ఒక రెక్క ఊడి ఉంది.

"మావయ్యా, పారాచూట్ తెరుచుకుంది. మేం చూశాం. రెక్క చెట్టుకి తగిలి ఊడింది. నువ్వు సంతకం పెట్టెయ్."

"నేను చూళ్లేదురా."

"మేం చెబుతున్నాం కదా! మామీద నమ్మకం లేదా?"

నమ్మకం ఉంది. వాడు అబద్ధం చెప్పే రకం కాదు. కానీ ఫారంలో అడిగింది నా నమ్మకం గురించి కాదు, నా కళ్ల గురించి. 'పైకి లేవడం చూశాను, దిగడం చూడలేదు, దొరికినప్పుడు ఒక రెక్క లేదు' అని రాసి సంతకం పెట్టాను. క్లబ్బువాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. వాడు నాతో పదిరోజులు మాట్లాడలేదు. మా చెల్లెలు ఫోన్ చేసి, "ఏం పోయేదన్నయ్యా, పిల్లవాడి ముచ్చట" అంది. నాకూ బాధేసింది.

ఏం పోయేదో ఆరోజు దానికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. మనం ముప్ఫై ఏళ్లుగా ఊళ్లు తిరిగి, చూడనిది చూశానని చెప్పకండి అని జనానికి చెబుతున్నాం. దెయ్యాన్ని చూసినవాడి అన్నని చూశాను అనేవాళ్లని చూసి నవ్వుతున్నాం. మేనల్లుడి మీద ప్రేమతో నేను చూడని పారాచూట్‌ని చూశానని రాస్తే, వాళ్లకీ నాకూ తేడా ఏమిటి? వాళ్లదీ ప్రేమే, భక్తే. అబద్ధాలన్నీ చెడ్డ ఉద్దేశంతో పుట్టవు. ఎక్కువ భాగం మొహమాటంతో పుడతాయి.

శ్రీహరికోట మాట

మన తెలుగు నేల మీదే ఉంది కాబట్టి శ్రీహరికోట సంగతి కూడా చెప్పుకోవాలి. ప్రయోగానికి ముందు రాకెట్ నమూనాని తిరుమల తీసుకెళ్లే ఆనవాయితీ ఉంది. ఎవరి నమ్మకం వాళ్లది, నేను కొట్లాటకి రాను. కానీ కౌంట్‌డౌన్‌కి పచ్చజెండా ఊపేది దేవస్థానం కాదు. దానికి లాంచ్ ఆథరైజేషన్ బోర్డు అని ఒకటి ఉంది. పరీక్షల ఫలితాలు చూసి అది సరే అంటేనే రాకెట్ కదులుతుంది. ఆ ఆనవాయితీ సాగుతున్న ఏళ్లలోనే, 2017 ఆగస్టు 31న పీఎస్ఎల్‌వీ-సీ39 విఫలమైంది. ఉపగ్రహం మీది ఉష్ణకవచం విడిపోలేదు. తర్వాత ఇస్రోవాళ్లు వెతికింది పూజలో లోపం కోసం కాదు, యంత్రంలో లోపం కోసం.

1979 ఆగస్టు 10న మొదటి ఎస్ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడిపోయింది. పడిపోయిందనే చెప్పారు. ఏడాది తిరగకుండా 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. పడిపోయినదాన్ని ఎగిరింది అని రాసుకుని ఉంటే ఆ రెండోది ఎగిరేదా?

ఇప్పుడు ఆ సందేశం పంపినాయనకి జవాబు. అయ్యా, మొదటి రాకెట్ తపాలా మనది కాదు, ఆస్ట్రియాది. మనది సాగర్ దీవి దగ్గర పేలిపోయిన రాకెట్, ఆ తర్వాత పదేళ్ల పట్టుదల, దామోదర్ దాటిన రెండు కోళ్లు. స్మిత్ 1951లో చనిపోయాడు. 1992లో మన తపాలాశాఖ ఆయన పేరున స్టాంపు వేసింది. రాకెట్ తపాలా మాత్రం ఎక్కడా నిలవలేదు. 1959లో అమెరికా నౌకాదళం జలాంతర్గామి నుంచి క్షిపణితో మూడువేల ఉత్తరాలు పంపినప్పుడు, త్వరలో ఇండియాకి కూడా గంటల్లో క్షిపణి తపాలా వస్తుందని వాళ్ల పోస్ట్‌మాస్టర్ జనరల్ జోస్యం చెప్పాడు. అదీ ఫలించలేదు. విమానాలే చౌకగా, భద్రంగా మోసుకెళ్లాయి.

గర్వపడాలంటే ఇందులో గర్వపడటానికి కావలసినంత ఉంది. లేనిది కలపక్కర్లేదు.

మా మేనల్లుడు ఈ జనవరిలో మళ్లీ ఎగరేస్తానన్నాడు. ఈసారి రెక్కల అతుకు మార్చాడట, ఎర్రరంగు పారాచూట్ పెట్టాడట. "నీకు కనబడేలా" అని కాస్త ఎత్తిపొడుపుగా అన్నాడు. నేను బైనాక్యులర్స్ కొనుక్కున్నాను.